కోడ్ పూరణలో కాలం చెల్లిన పేర్లు

కోడ్ పూరణ (కోడ్ కంప్లీషన్) అనగా ప్రోగ్రామరు ఒక పేరులోని మొదటి కొన్ని అక్షరాలను టైపు చేయగానే మిగిలిన భాగాన్ని ఎడిటరు తానే సూచించే సదుపాయం. ఈ సూచనల జాబితాలో రెండు రకాల అనవసరపు పేర్లు చేరుతుంటాయి. మొదటి రకం, ప్రోగ్రాము నుండి ఇప్పటికే తొలగించబడిన పేర్లు. రెండవ రకం, ప్రోగ్రాములో ఉన్నప్పటికీ ఇకపై వాడరాదని రచయితలు నిర్ణయించిన పేర్లు. మొదటిది సూచికలోని లోపం, రెండవది రచయితల నిర్ణయానికి సంబంధించినది. కనుక వీటిని తొలగించే పద్ధతులు కూడా వేరు.

పేర్లు మిగిలిపోవడానికి కారణం

ప్రతి అక్షరానికీ మొత్తం ప్రోగ్రామును చదవడం ఎడిటరుకు సాధ్యం కాదు. అందుచేత అది ముందుగానే పేర్లతో ఒక సూచికను తయారు చేసుకుంటుంది, లేదా నడుస్తున్న ప్రోగ్రాము మెమరీలోని పేర్లను అడిగి తెలుసుకుంటుంది. కొత్త పేరు వ్రాయబడినపుడు అది వెంటనే కనబడుతుంది. పాత పేరు ఇక లేదని తెలియాలంటే మాత్రం అది ఉండిన చోటును మరల వెతకాలి. ఈ రెండవ పని జరగనపుడు పాత పేరు జాబితాలో నిలిచిపోతుంది.

ఫైళ్ల సూచికలు

యూనిక్స్ లోని సీట్యాగ్స్ ఇందుకు పాత ఉదాహరణ. కెన్ ఆర్నాల్డ్ బీఎస్‌డీ యూనిక్స్ కొరకు వ్రాసిన ఈ ప్రోగ్రాము, ఏ పేరు ఏ ఫైలులో నిర్వచించబడినదో ట్యాగ్స్ అనే ఫైలులో వ్రాసి ఉంచుతుంది. ఈ ఫైలు తనంతట తాను మారదు. సీట్యాగ్స్‌ను మరల నడిపేవరకు పాత పేర్లు అందులోనే ఉంటాయి. విమ్ ఎడిటరు సాధారణ అమరికలో ట్యాగ్స్ ఫైలునే గాక, బఫర్ల జాబితాలో మిగిలి ఉన్న ఇతర ఫైళ్లను కూడా వెతుకుతుంది. కనుక ట్యాగ్స్‌ను నవీకరించిన తరువాత కూడా పాత పేరు కనిపిస్తే బఫర్ల జాబితాను చూడవలెను.

మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ లో ఇంటెలిసెన్స్ సమాచారం 2008 సంచిక వరకు ఎన్‌సీబీ అనే పొడిగింపు గల ఫైలులో ఉండేది. ఈ ఫైలు చెడినపుడు లేని పేర్లు కనిపించడం, ఉన్న పేర్లు మాయమవడం జరిగేవి. విజువల్ స్టూడియోను మూసి, ఎన్‌సీబీ ఫైలును తొలగించి, మరల తెరవడమే అప్పట్లో అందరికీ తెలిసిన చికిత్స. ప్రోగ్రాము మూలానికి దీనివల్ల ఏ హానీ లేదు. సూచిక కొత్తగా నిర్మించబడేవరకు వేచి ఉండాలి, అంతే. 2010 సంచికలో దీని స్థానంలో ఎస్‌క్యూఎల్ సర్వర్ కాంపాక్ట్ డేటాబేసు, తరువాతి సంచికలలో ఎస్‌క్యూలైట్ డేటాబేసు వచ్చాయి. ఇంటెలీజే ఐడియాలో ఇదే పనికి ఇన్‌వ్యాలిడేట్ క్యాషెస్ అనే ఆదేశం ఉన్నది.

నడుస్తున్న సెషన్లు

సీ++ లో పాత పేరును పొరపాటున వాడినా కంపైలరు పట్టుకుంటుంది. పైథాన్, లిస్ప్ వంటి భాషలలో సెషన్ నడుస్తుండగా పనిచేసేవారికి ఆ రక్షణ ఉండదు. పాత ఫంక్షన్ మెమరీలో నిజంగానే ఉన్నందున పూరణ దానిని చూపుతుంది, పిలిస్తే అది పనిచేస్తుంది కూడా. సెషన్‌ను మూసి మరల ప్రారంభించినపుడో, ప్రోగ్రామును వేరొకరు తమ కంప్యూటరులో నడిపినపుడో దోషం బయటపడుతుంది.

ఉదాహరణకు, ఒక పైథాన్ మాడ్యూలులో వైశాల్యం అనే ఫంక్షన్ పేరును విస్తీర్ణం అని మార్చామనుకుందాం (పైథాన్ 3 లో తెలుగు పేర్లు చెల్లుతాయి). ఇంపోర్ట్‌లిబ్ లోని రీలోడ్‌తో మాడ్యూలును తిరిగి చదివించినా వైశాల్యం పోదు. రీలోడ్ పాత పేర్లపై కొత్త నిర్వచనాలను వ్రాస్తుందే తప్ప, కొత్త ఫైలులో లేని పేర్లను తుడిచివేయదు. డెల్ వాక్యంతో ఆ పేరును విడిగా తొలగించవచ్చును. ఐపైథాన్‌లో రీసెట్ ఆదేశం వాడుకరి నిర్వచించిన పేర్లన్నిటినీ తొలగిస్తుంది. రీసెట్_సెలెక్టివ్ ఒక నమూనాకు సరిపోయే పేర్లను మాత్రమే తొలగిస్తుంది. అయితే డెల్ తీసివేసేది పేరును మాత్రమే. అదే వస్తువును వేరొక పేరు సూచిస్తుంటే అది మెమరీలో కొనసాగుతుంది. సెషన్‌ను పునఃప్రారంభించడం వీటన్నిటికన్నా నమ్మదగినది, కానీ గంటల తరబడి చేసిన గణనల ఫలితాలు దానితోపాటే పోతాయి. అందుకే చాలామంది దానిని వాయిదా వేస్తుంటారు.

కామన్ లిస్ప్‌లో సమస్య మరింత విచిత్రమైనది. అక్కడ ఒక పేరును చదవడమే దానిని ప్యాకేజీలో చేర్చడం. తప్పుగా టైపు చేసిన పేరు కూడా ఒక చిహ్నంగా నమోదై, ఆపై పూరణలో కనబడవచ్చు. అన్‌ఇంటర్న్ ఫంక్షన్ దానిని ప్యాకేజీ నుండి తొలగిస్తుంది. కానీ అంతకుముందే కంపైలైన ఫంక్షన్లు పాత చిహ్నాన్నే పట్టుకొని ఉంటాయి. అదే పేరును మరల టైపు చేస్తే కొత్త చిహ్నం పుడుతుంది. చూపునకు ఒకటిగా కనిపించే ఈ రెండూ వేర్వేరు. కావున వాడుకలో ఉన్న పేరుపై అన్‌ఇంటర్న్ ప్రయోగించడం తగదు. నిర్వచనాన్ని మాత్రమే తీసివేయడానికి ఎఫ్‌మేక్‌అన్‌బౌండ్ ఉన్నది.

వాడరాదని ప్రకటించిన పేర్లు

జావాలో థ్రెడ్ తరగతికి చెందిన స్టాప్ పద్ధతి 1998లో విడుదలైన 1.2 సంచికలో డెప్రికేటెడ్‌గా ప్రకటించబడినది. అది థ్రెడ్‌ను ఉన్నపాటున ఆపి తాళాలన్నిటినీ వదిలివేయడం వలన డేటా అస్తవ్యస్తమయ్యే ప్రమాదం ఉండేది. అయినా 2023లో వచ్చిన జావా 20 వరకు అది పనిచేస్తూనే వచ్చింది. పాత ప్రోగ్రాములు ఆధారపడి ఉన్న పేరును ఒక్కసారిగా తీసివేయడం సాధ్యం కాదు. ఎక్లిప్స్ ఇటువంటి పేర్లను అడ్డగీతతో చూపుతుంది. కావాలంటే జాబితాలో అసలు కనబడకుండా చేసే అమరిక కూడా ఉన్నది.

పేరును ఉంచుతూనే జాబితాలో దాచే అవకాశం లైబ్రరీ రచయితలకు కూడా ఉన్నది. డాట్‌నెట్‌లో ఎడిటర్‌బ్రౌజబుల్ అనే గుణం ఇందుకే ఏర్పడింది. సీ షార్ప్‌లో అది అదే అసెంబ్లీ లోపల పనిచేసేవారికి వర్తించదు, బయటి వాడుకరులకే దాస్తుంది. పైథాన్ 3.7 (2018) నుండి మాడ్యూలు స్థాయిలో గెట్ఆట్ర్, డిర్ ఫంక్షన్లను నిర్వచించుకోవచ్చును. దీనివలన పాత పేరు పిలిస్తే హెచ్చరికతో పనిచేస్తుంది, పూరణలో మాత్రం కనిపించదు.