నాగు నుండి సంఘపు గాదె వరకు

పల్లెలో ఏడాది పొడుగున పుట్టిన సంపద సంవత్సరాంతమున ఎవరి గాదె చేరుచున్నది? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటయే నేటి నా ప్రసంగము. పంట పండించినవాడొకడు, దానికి వెల కట్టినవాడొకడు అయినచోట, పంట ఎంత పెరిగినను పండించినవాని ఇల్లు పెరుగదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పెద్దలకు ఈ సంగతి నేను నేర్పనక్కరలేదు. కాని ఈ చిక్కును విప్పుటకు మనవారు చేసిన ప్రయత్నములెట్టివి, వానిలో ఏది నిలిచినది, ఏది కూలినది, ఎందుచేత అను చరిత్రను ఒకచోట కూర్చి చెప్పుకొనుట అవసరమని నా తలంపు.

నిజాము రాజ్యకాలమున మన గ్రామములలో నాగు అను పద్ధతి యుండెడిది. తొలకరి నాటికి విత్తనము లేని రైతు దేశముఖుగారి గడీకో, షావుకారు ఇంటికో పోయి ధాన్యము అప్పు తెచ్చుకొనెడివాడు. పంట కళ్ళమునకు వచ్చినప్పుడు ఆ ధాన్యమునకు మరి సగము కలిపి కొలువవలెను. కొన్నియెడల రెట్టింపు కొలువవలెను. అప్పును రూపాయలలో వ్రాసినచో చిక్కు మరింత హెచ్చు. విత్తునాటి హెచ్చు ధరకు కట్టి వ్రాయుదురు. కోతనాటి తగ్గు ధరకు కొలిపించుకొందురు. తీర్చలేనివాడు భగేలాగా కుదిరి, ఒక్కొక్కప్పుడు తన కొడుకును గూడ ఆ బాకీకి ఒప్పగింపవలసి వచ్చెడిది. భూమి, విత్తనము, కొలమానము, ఖాతా పుస్తకము అన్నియు ఒక్క చేతనే యున్నప్పుడు, న్యాయము మాత్రము మరియొక చేత నెట్లుండును?

అప్పుడు సహకార చట్టము లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది. దాని పుట్టుక కొంత దూరమునుండి చెప్పవలెను. ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 1844 డిసెంబరు 21వ తేదీన 28 మంది పనివారు తలకొక పౌను చొప్పున కూర్చి చిన్న దుకాణమొకటి తెరచిరి. వారిలో నేతగాండ్రు చాలమంది. పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు, ఇవియే వారి సరకు. వారు కనిపెట్టిన క్రొత్తదనము సరకులో లేదు, లాభము పంచు విధమున నున్నది. మూలధనమునకు పరిమితమైన వడ్డీ ఇచ్చి, మిగిలినదానిని ఎవరెంత కొనిరో ఆ లెక్కన కొన్నవారికే తిరిగి యిచ్చిరి. వాటాలు ఎన్ని యున్నను మనిషికి ఒక్కటే ఓటు. అదే శతాబ్దమున జర్మనీ దేశమున రైఫైజెన్ అను నాతడు పల్లె రైతులకు పరపతి సంఘములు నెలకొల్పెను. ఒకరి నడవడి నొకరెరిగిన ఊరివారే ఒకరికొకరు హామీ నిలుచుట వాని జీవము.

ఈ జర్మను పద్ధతిని పరిశీలించి, ఇది మన రైతులకు తగునని చెన్నపట్టణమున నికల్సన్ అను అధికారి 1890 తరువాతి దశకమున నివేదిక వ్రాసెను. బ్రిటిషు ఇండియాలో 1904లో మొదటి సహకార పరపతి చట్టము వచ్చినది. హైదరాబాదు రాజ్యమున 1914లో అట్టి చట్టమే చేయబడినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ధాన్యపు బ్యాంకులు కూడ వెలసినవి. చట్టము వచ్చినది, సంఘములు రిజిస్టరయినవి, ఇన్‌స్పెక్టరులు వచ్చిరి. నాగు మాత్రము పోలేదు.

కారణము స్పష్టము. సంఘము భూమి చూచి అప్పిచ్చెను. భూమి పట్టాలు ఎవరి పేర నుండెడివో మీరెరుగుదురు. కావున సంఘపు తక్కువ వడ్డీ డబ్బు పెద్దకమతముల వారికి చేరినది. పేదవాడు మరల నాగుకే పోయెను. ఇది మన ప్రాంతపు లోపము మాత్రమే కాదు. 1951-52లో దేశమంతట జరిగిన గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతుల అప్పులలో సహకార సంఘముల పాలు నూటికి 3 చిల్లర మాత్రమేయని తేలినది. వడ్డీ వ్యాపారుల పాలు నూటికి 70కి దాదాపుగా నుండెను. అర్ధశతాబ్ది చట్టముల ఫలమిది. అయినను ఆ నివేదిక వ్రాసినవారు సహకారమును విడువుడని చెప్పలేదు. ఓడినది పద్ధతి కాదు, బలవంతుని చేతికి చిక్కిన సంఘమని వారు గ్రహించిరి.

ఈలోపల జనగామ తాలూకా నిప్పు రాజుకొన్నది. అప్పుడది నల్లగొండ జిల్లాలో నుండెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను విసునూరు దేశముఖు మనుషులు ఎత్తుకొనిపోవ నుద్యమింపగా, ఊరి సంఘమువారు కలిసి కోసి, ధాన్యమును ఆమె ఇల్లు చేర్చిరి. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియయ్యెను. తరువాత జరిగిన పోరాటమును నేనిచ్చట వర్ణింపబోను. ఒక్క సంగతి మాత్రము గమనింపుడు. మన జనులు సంఘము అను మాటను మొదట నేర్చినది రిజిస్ట్రారు కచ్చేరిలో గాదు, ఒకరి పొలమును పదిమంది కాచిన రాత్రులలో. నాగు పత్రములు చింపుటకు ధైర్యము కావలెను. అది మనవారికి చాలినంత కలదు. కాని పత్రము చింపిన మరునాడు విత్తనము ఎవరిచ్చెదరు? ఆ ప్రశ్నకు ధైర్య మొక్కటియే చాలదు. లెక్క, పొదుపు, పట్టుదల కావలెను.

ఆ పని చేసి చూపిన ఊరు మనకు దూరమున లేదు. భీమదేవరపల్లి మండలములోని ముల్కనూరు, నాడు కరీంనగరము జిల్లాలోనిది, నేడు హనుమకొండ జిల్లాలోనిది. అచ్చట 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో 14 గ్రామముల రైతులు సహకార గ్రామీణ బ్యాంకు, విక్రయ సంఘము స్థాపించిరి. మొదటి సభ్యులు నాలుగు వందలకు లోపు. నేడు ఏడువేలకు మించిన కుటుంబములు అందు చేరియున్నవి. ఈ సంఘము అప్పిచ్చును. ఎరువులు, విత్తనములు అమ్మును. సభ్యుల ధాన్యము, ప్రత్తి కొనును. బియ్యపు మిల్లు, జిన్నింగు మిల్లు నడుపును. విత్తన ధాన్యమును శుభ్రపరచి అమ్మును.

ఇన్ని పనులు ఒక్క కప్పుక్రింద నుండుటలోనే దాని రహస్యమున్నది. అప్పు మాత్రమే యిచ్చు సంఘము రైతును కళ్ళము దగ్గర విడిచిపెట్టును. అక్కడ అడ్తిదారు వానిని పట్టుకొనును. ముల్కనూరు సంఘము విత్తునప్పుడు అప్పిచ్చిన రైతు పంటను కోసినప్పుడు తానే కొనును. అప్పు పంటలోనే తీరును. వడ్లను వడ్లుగా నమ్మక బియ్యముగా చేసి యమ్మును. కావున మిల్లు యజమాని పొందెడి లాభము గూడ సంఘమునకే దక్కును.

లాభము పంచు తీరును ఒక ఉదాహరణముతో చెప్పెదను. ఈ అంకెలు నేను కల్పించుకొన్నవి. ఒక సంఘమునకు క్వింటాలుకు 20 రూపాయలు మిగిలిన వనుకొందము. అందు 8 రూపాయలు నిలువ నిధికి చేర్చి, 12 రూపాయలు సభ్యులకు బోనసుగా నిచ్చిరి. 50 క్వింటాళ్ళు తెచ్చినవానికి 600 రూపాయలు, 5 క్వింటాళ్ళు తెచ్చిన వితంతువుకు 60 రూపాయలు వచ్చును. మహాసభలో మాత్రము ఇద్దరికిని ఒక్కొక్క ఓటే. కంపెనీలో లాభము వాటా పెట్టినవానికి పోవును. సంఘములో సరకు తెచ్చినవానికి వచ్చును. ఆ 8 రూపాయలు ఎవరి సొంతమును గాదు, ఊరందరి సొత్తు. పదియేండ్లు కూడినచో అదియే గోదాము, అదియే మిల్లు.

ఆ ముల్కనూరులోనే 2000 సంవత్సరమున స్త్రీల పాల సహకార సమాఖ్య బయలుదేరినది. హైదరాబాదులోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషను దానికి తోడ్పడినది. స్వకృషి అను పేర వారి పాలు అమ్ముడగుచున్నవి. దీనికి పునాది అంతకు ముందే పడినది. ఓరుగల్లు, కరీంనగరము పల్లెలలో స్త్రీలు నెలనెలా కొంచెము కొంచెము కూడబెట్టి పొదుపు సంఘములు నడుపుట అలవాటు చేసికొనిరి. మొదట లెక్క నేర్చిరి, పిదప డెయిరీ పెట్టిరి. పాలలో వెన్న శాతము కట్టి వెల నిర్ణయింతురు. సంవత్సరాంతమున మిగిలినదానిలో పాలు పోసినవారికి బోనసు పంతురు. గేదెను మేపునది స్త్రీయే యైనను పాల డబ్బు మగవాని చేతికి పోవుట మన ఇండ్లలో పాత వాడుక. ఇచ్చట సభ్యురాలు తానే, వ్రాలు తనదే, డబ్బు తనకే. సంపద పంచుట యనగా ఊరిలో పంచుట మాత్రమే కాదు, ఇంటిలో పంచుట కూడ నని ఆ తల్లులు నిరూపించిరి.

ఇక మన మూడు తావులకు వత్తము. జనగామలో తాటివనములు మెండు. అబ్కారి గుత్తేదారు వేలములో చెట్లు పాడుకొనుట, గీత కార్మికుడు వానికి లొంగి చెట్టెక్కుట పూర్వపు పద్ధతి. గీత పారిశ్రామిక సహకార సంఘములు వచ్చిన పిదప, చెట్టు గీచువారే కలిసి చెట్లను తీసికొనసాగిరి. నడుమనున్న గుత్తేదారు తొలగెను. మహబూబాబాదులో మిర్చి, ప్రత్తి, వరి పండును. వరి ధాన్యమును ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములును మహిళా సంఘములును ప్రభుత్వము తరపున కొనుచున్నవి. కాని మిర్చి రైతు ఇప్పటికిని బస్తాలతో వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు పోయి, ఆనాటి ధర యెంతని ఎదురుచూడవలసినదే. వరి విషయమున మనము నేర్చినది మిర్చికి ఇంకను ప్రాకలేదు.

భూపాలపల్లి సంగతి వేరు. అచ్చట సంపద భూగర్భమున నున్నది. సింగరేణి కంపెనీని 1945లో నిజాము ప్రభుత్వము కొన్నది. నేడది రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వముల సొత్తు. లాభములో కొంత శాతము కార్మికులకు పంచుట అందు రెండు దశాబ్దములకు మించి జరుగుచున్నది. ఇది మెచ్చదగినదే. అయినను భేదము గమనింపుడు. ఆ శాతము ఏటేట ప్రభుత్వము ప్రకటింపగా వచ్చును; సహకార సంఘములో సభ్యులు తామే తీర్మానించి తీసికొందురు. మొదటిది దయ కావచ్చును, రెండవది హక్కు. ఏజెన్సీలో తేనె, జిగురు సేకరించు గిరిజనుల సరకు కొనుటకు 1956లో విశాఖపట్టణమున ఆరంభమైన గిరిజన సహకార సంస్థ కూడ సంతలలోని దళారి పట్టును సడలించినది. అయితే అది అధికారుల చేతిమీదుగా నడచిన సంస్థ. అడవిబిడ్డలకు అందు వెల దక్కినంతగా పెత్తనము దక్కలేదు.

ఇంత చెప్పి లోపములు దాచుట తగదు. సంఘములు చెడుటకు మూడు త్రోవలు. మొదటిది సర్కారు పెత్తనము. ప్రభుత్వము వాటాధనము పెట్టినచోట ప్రభుత్వమే పాలకవర్గమును తొలగించును, నియమించును. మన రాష్ట్రమున ప్రాథమిక సంఘముల ఎన్నికలు 2020 ఫిబ్రవరిలో జరిగినవి. 2025లో గడువు తీరినను వెంటనే ఎన్నికలు జరుగలేదు. ఈ కీడు నెరిగియే 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము చేసినది. సర్కారు వాటా లేక తమ డబ్బుతో తాము నడుచుకొను సంఘములకు అది స్వేచ్ఛ యిచ్చినది. రెండవది మాఫీ ఆశ. 1990లోను 2008లోను అప్పులు మాఫీ అయినప్పుడు కష్టములోని రైతుకు ఊరట కలిగిన మాట నిజము. కాని కట్టినవాడు వెర్రివాడు, కట్టనివాడు గడుసరి యను భావము ఊరిలో నాటుకొన్ననాడు ఏ సంఘమును నిలువజాలదు. ఏలయన అది ఇచ్చిన అప్పు ప్రక్కయింటివాని పొదుపు. మూడవది మన ఉపేక్ష. మహాసభకు పోము, పోయినను లెక్క వినము, వినినను అడుగము.

కౌలుదారును, కూలివానిని సంఘపు గడప దాటనీయని లోపము నాలుగవదిగా చెప్పవచ్చును. 1914 నాటి సంఘమును చంపిన జబ్బు ఇదియే. పట్టా పుస్తకము లేనివానికి తావులేని సంఘము పాత పొరపాటునే క్రొత్త రిజిస్టరులో వ్రాసికొన్నట్లు.

పెద్దలారా, ఐక్యరాజ్యసమితి 2025వ సంవత్సరమును అంతర్జాతీయ సహకార సంవత్సరముగా ప్రకటించినది. ప్రకటనలవలన గాదెలు నిండవు. మీ మాటకు ఊరిలో విలువ యున్నది. వచ్చు మహాసభనాడు మీరు ముందు వరుసలో కూర్చుండి మూడు ప్రశ్నలడుగుడు: ఈ యేడు మిగిలినదెంత? అది ఎవరెవరికి పోయినది? సభ్యులు కానివారు ఊరిలో నెందరు, వారేల కాలేదు? లెక్క చదువువానికి జంకు పుట్టినచో సంఘము బ్రతుకుచున్నదని గ్రహింపుడు. నాగు ఒక్క చేతి ఖాతాలో పుట్టినది. నలుగురు విప్పి చూచు ఖాతాలోనే అది సమసిపోవును.