హాస్టల్ గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది? బడి భద్రత చట్టాల వెనక కథ

పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపిక చేసుకొని చదవండి.

గురుకులాలకు ప్రహరీ గోడ కట్టాలి, సీసీ కెమెరాలు పెట్టాలి, రాత్రి గేటుకు తాళం వేయాలి అని మనవాళ్లు ఎప్పుడూ అడుగుతుంటరు. గోడ వద్దని నేననను. కానీ మన దేశంలో బడి భద్రత అనే మాటకు రెండు అర్థాలున్నయి. బయటోడు లోపలికి రాకుండా ఆపడం ఒకటి. ఆపద వస్తే లోపలున్నోళ్లు బయటపడడం ఇంకొకటి. రెండింటికీ చట్టాలున్నయి, రెండూ పిల్లల చావుల తర్వాతే వచ్చినయి. ఒకదాని గురించి ఇంకోదానికి తెల్వదు. పగలు నడిచే బడిలో దీనితో పెద్ద ఇబ్బంది లేదు. రాత్రి పిల్లలు పడుకునే చోట, అంటే మన హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో, ఆ రెండూ ఒకే తలుపు దగ్గర ఎదురుపడతాయి.

నేనుండేది మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో. ఇక్కడి నుంచి ఉత్తరానికి పోతే తూప్రాన్ దాటినంక మాసాయిపేట వస్తది. 2014 జూలై 24న పొద్దున అక్కడ కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ గుద్దింది. పన్నెండు మందికి పైగా పిల్లలు పోయారు. ఆ పట్టాలే మేడ్చల్ మీదుగా సికింద్రాబాద్ వస్తాయి. బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని క్రాసింగులన్నీ తీసేశామని రైల్వే ప్రకటించింది 2019లో. అక్కడ గేటు లేక పిల్లలు పోయారు. నేను రాయబోయేది ఎక్కువగా గేటు ఉండి పోయినోళ్ల గురించి.

1995 డిసెంబర్ 23, హర్యానాలోని డబ్వాలీ. ఒక స్కూలు వార్షికోత్సవం పెళ్లిళ్లు జరిగే హాల్లో పెట్టారు. పైన సింథటిక్ షామియానా, బయటికి పోవడానికి ఒకటే దారి. షామియానా అంటుకుంది. 400 మందికి పైగా చనిపోయారు, సగానికి మించి పిల్లలే. పరిహారం కోసం బాధితులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. బడుల కోసమని దేశమంతటికీ ఒక నిబంధన మాత్రం అప్పుడు రాలేదు.

2004 జూలై 16, తమిళనాడులోని కుంభకోణం. ఒకే ఇరుకు భవనంలో ఒకటికి మించి బడులు నడుస్తున్నయి. కింద మధ్యాహ్న భోజనం వండే చోట నిప్పు తాటాకు కప్పుకు అంటుకొని, పై అంతస్తులో చిన్నపిల్లల తరగతుల మీదున్న కప్పుకు పాకింది. దిగడానికి ఉన్నది ఇరుకు మెట్లు. 94 మంది పిల్లలు పోయారు. అందరూ ప్రైమరీ తరగతుల వాళ్లే. పదేళ్లకు, 2014 జూలైలో, కింది కోర్టు తీర్పు చెప్పి బడి యజమానికి యావజ్జీవ శిక్ష వేసింది. తర్వాత హైకోర్టు ఆ శిక్షను తగ్గించింది. చాలామంది కథను ఇక్కడే ఆపేస్తరు. మనకు పనికొచ్చే ముక్క దీని తర్వాత ఉంది.

కుంభకోణం జరిగిన ఏడాదే అవినాశ్ మెహరోత్రా అనే న్యాయవాది సుప్రీంకోర్టులో పిల్ వేశారు. 2009 ఏప్రిల్ 13న జస్టిస్ దల్వీర్ భండారీ, జస్టిస్ లోకేశ్వర్ సింగ్ పంటా తీర్పు ఇచ్చారు. అందులో అసలు మాట ఏందంటే, చదువుకునే హక్కులోనే సురక్షితమైన బడి హక్కు కూడా ఉంది. పిల్లల్ని బడికి పంపమని తల్లిదండ్రులకు చెప్పే ప్రభుత్వం వాళ్లను ప్రమాదకరమైన భవనంలోకి పంపమని చెప్పకూడదు. సర్కారు బడి అయినా ప్రైవేటు బడి అయినా మంటలార్పే సిలిండర్లు ఉండాలన్నారు, టీచర్లకు వాటిని వాడడం నేర్పాలన్నారు, భవనం నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఉండాలన్నారు, ప్రభుత్వ ఇంజనీరు ఎప్పటికప్పుడు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలన్నారు. అధికారులు అశ్రద్ధ చేస్తే బాధ్యత వాళ్లదే అన్నారు. మన ఊర్లలో అమ్మానాన్నలు ఐదేళ్ల పిల్లను తీసుకపోయి ఆశ్రమ పాఠశాలలో దింపి వస్తరు కదా, ఆ పిల్లకు ఈ తీర్పు వర్తిస్తదని వాళ్లకు చెప్పినోళ్లు ఎవరు?

నాకు ఆశ్చర్యం అనిపించింది తర్వాత వచ్చింది చూస్తే. సరిగ్గా నాలుగు నెలలకు, 2009 ఆగస్టులో, విద్యాహక్కు చట్టం వచ్చింది. దాని చివర బడి భవనం ఎట్లుండాలో చెప్పే షెడ్యూలు ఉంటది. టీచరుకో గది, వికలాంగులు కూడా రాగలిగే దారి, ఆడపిల్లలకు మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీళ్లు, వంటగది, ఆటస్థలం, భవనానికి రక్షణగా ప్రహరీ గోడ లేదా కంచె. మంటల మాట లేదు. రెండో దారి మాట లేదు. భద్రత అంటే గోడే. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సారు ఈ షెడ్యూలు పట్టుకొని చూస్తడు, గోడ ఉంటే టిక్ పెట్టి పోతడు.

దీనికి పక్కనే ఇంకో పాయ నడిచింది. 2012లో పోక్సో చట్టం. 2017 సెప్టెంబర్‌లో గురుగ్రామ్‌లోని ఒక పెద్ద ప్రైవేటు స్కూల్లో చిన్న పిల్లాడి హత్య. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయినంక 2021 అక్టోబర్‌లో కేంద్రం, పిల్లల భద్రతకు బడి యాజమాన్యమే జవాబుదారీ అని మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవన్నీ కావల్సినవే, సందేహం లేదు. మన హాస్టళ్లలో ఆడపిల్లల మీద జరిగిన దుర్మార్గాలు మనం మర్చిపోలేదు. కానీ కింది దాకా వచ్చేసరికి ఇదంతా మూడు వస్తువులుగా మారింది: కెమెరా, గోడ, తాళం.

ఇప్పుడు మన సంగతి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల పద్ధతి తర్వాత వందల బడులుగా పెరిగింది. తెలంగాణ వచ్చినంక కొత్త గురుకులాలు ఒక్కసారిగా తెరిచారు. చాలా వాటికి సొంత భవనం లేదు, అద్దె భవనాలే. కిటికీలకు కదలని ఇనుప గ్రిల్, వరండాకు గ్రిల్ గేటు, ఒకటే మెట్ల దారి. ఓనర్ కట్టించుకున్నది ఒక అవసరానికి, అందులో వందల మంది పడుకుంటున్నది ఇంకో అవసరానికి. బిల్డింగ్ కోడ్‌లో కూడా బడి ఒక గ్రూపు, డార్మిటరీ ఇంకో గ్రూపు. రెండూ ఒకే కప్పు కింద నడిస్తే ఎవరు ఏ కాగితం చూడాలో తెలిసినోళ్లు తక్కువ.

ఇట్లాంటి చోట ఏమైతదో చూడాలంటే దక్షిణ అమెరికాలోని గయానా దాకా పోవాలె. మహ్దియా అనే చిన్న పట్నంలో ప్రభుత్వ సెకండరీ స్కూలుకు బాలికల హాస్టల్ ఉండేది. దూరపు అడవి ఊర్ల నుంచి వచ్చిన ఆదివాసీ పిల్లలే ఎక్కువ, ఎందుకంటే వాళ్ల ఊర్లలో హైస్కూలు లేదు. మన కథే కదా. 2023 మే 21 రాత్రి మంటలు లేచినయి. ఫోన్ గుంజుకున్నారనే కోపంతో ఒక విద్యార్థినే నిప్పు పెట్టిందని పోలీసులు చెప్పారు. కిటికీలకు గ్రిల్స్. పిల్లలు రాత్రి బయటికి పోకుండా తలుపులకు తాళాలు. పొగలో తాళంచెవులు దొరకలేదు. ఫైర్ సిబ్బంది గోడకు కన్నం కొట్టి కొందరిని బయటికి లాగారు. 20 మంది చనిపోయారు, అందులో ఒక చిన్న పిల్లాడు తప్ప అందరూ ఆడపిల్లలే. ఆ తాళం వేసింది వాళ్ల రక్షణ కోసమే.

కెన్యాలో 2001 మార్చిలో క్యాంగులి బడి అబ్బాయిల డార్మిటరీలో 67 మంది పోయారు. అక్కడా కిటికీలకు ఊచలు, ఒక తలుపుకు తాళం. 2008లో ఆ దేశం బడుల భద్రతకు ఒక మాన్యువల్ తెచ్చి అందులో డార్మిటరీ గురించి విడిగా రాసుకుంది: తలుపులు కనీసం ఐదడుగుల వెడల్పు, బయటికి తెరుచుకోవాలి, రెండు చివర్లా తలుపులుండాలి, కిటికీలకు గ్రిల్స్ ఉండొద్దు. పడుకునే చోటు గురించి ఇంత నేరుగా రాసుకోవడం నాకు నచ్చింది. (అది అమలు కావడం వేరే కథ, అక్కడ కూడా.)

మన దగ్గర పెద్ద ప్రమాదం జరగలేదు కదా అనొచ్చు. పక్కనే బస్తర్‌లో చూడండి. సల్వాజుడుం కాలంలో బడి భవనాలు కూలిపోయినంక పిల్లల్ని పోర్టా క్యాబిన్లనే వెదురు షెడ్లలో పెట్టి చదివించారు. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లా ఆవపల్లి దగ్గర బాలికల పోర్టా క్యాబిన్ అంటుకొని నాలుగేళ్ల పాప చనిపోయింది. ఇంక జ్వరాలు, పాముకాట్లు, కలుషిత భోజనం మన పిల్లల్ని మంటలకంటే ఎక్కువగా తీసుకపోతున్నయి, దాని మీద వేరే పోస్టు రాయాలి. అయినా అర్ధరాత్రి పాము కరిచినా మొదటి ప్రశ్న అదే: గేటు తీసేదెవరు?

వార్డెన్లను తిట్టడానికి ఇది రాయట్లేదు. ఒక పిల్ల రాత్రి గోడ దూకి పోతే తెల్లారేసరికి వార్డెన్ సస్పెండ్. గేటుకు తాళం వేసి చెవి ఇంటికి తీసుకపోతే, మంట రానంత వరకు ఎవరూ అడగరు. ఆ స్థానంలో ఎవరున్నా తాళమే వేస్తరు. నేనున్న ఒక హాస్టల్‌లో రాత్రి పదింటికి గ్రిల్ గేటు పడితే చెవి వాచ్‌మన్ జేబులో, వాచ్‌మన్ బయట రోడ్డు మీద. మాకు అది మామూలే అనిపించేది.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. 1883 జూన్‌లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో విక్టోరియా హాల్లో బహుమతులు పంచుతున్నారని పిల్లలు మెట్ల మీద నుంచి ఒక్కసారిగా దిగారు. కింద తలుపు ఒక్క పిల్లాడు పట్టేంత సందు వదిలి గడియ వేసి ఉంది. తొక్కిసలాటలో 183 మంది పోయారు. ఆ తర్వాత రాబర్ట్ బ్రిగ్స్ అనే ఆయన లోపల అడ్డంగా ఒక కడ్డీ ఉండి, నెడితే తెరుచుకునే గడియ తయారుచేసి 1892లో పేటెంట్ తీసుకున్నడు. బయటి నుంచి తెరవరాదు, లోపలి నుంచి చిన్నపిల్ల నెట్టినా తెరుచుకుంటది. సినిమా హాళ్లలో, మాల్స్‌లో మీరు చూసే ఉంటరు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా ఇదే చెప్తది: బయటికి పోయే తలుపు లోపలి నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలి. అంటే మన గ్రిల్ గేటు తాళం కోడ్‌కు విరుద్ధం. ఆ కోడ్ ప్రకారం బడులుండాలని సుప్రీంకోర్టు చెప్పి పదిహేనేళ్లు దాటింది.

మరి అడగాల్సింది ఎవర్ని? 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు చైర్మన్ కలెక్టరే. ప్రతి బడికీ ఒక అత్యవసర ప్రణాళిక ఉండాలని, డ్రిల్ చేయాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాబట్టి గోడ కోసం వినతిపత్రం ఇచ్చేటప్పుడు అదే కాగితంలో తలుపు గురించి రెండు లైన్లు రాయండి.

దాంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు. మీ జిల్లా గిరిజన సంక్షేమ కార్యాలయానికి ఎవరైనా వేయొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రశ్నలు తేలిక మాటల్లో ఇట్లా రాసుకున్న, మీకు కావాలంటే ఇట్లనే వాడుకోండి. మా హాస్టల్ భవనం సురక్షితమని ప్రభుత్వ ఇంజనీరు చివరిసారి ఏ తేదీన సర్టిఫికెట్ ఇచ్చారు, దాని నకలు ఇవ్వండి. అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ అవసరమైన భవనమా, అయితే ఎన్‌ఓసీ నంబరు ఎంత. విద్యార్థులు పడుకునే అంతస్తు నుంచి బయటికి ఎన్ని దారులున్నాయి. రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయి, ఆ మనిషి భవనంలోపల పడుకుంటారా, బయటా?