ఆరిపోని చిరాగ్: బ్రిటన్ లిబరల్ పార్టీ కథ

సియాసత్‌లో తఖ్త్ ఎవరి జాగీరూ కాదు. ఈ మాటకు బ్రిటన్ లిబరల్ పార్టీయే గవాహీ. 1906 ఎన్నికల్లో అది దాదాపు 400 సీట్లు గెలిచింది. ముసలివాళ్లకు పింఛను, మజ్దూర్లకు బీమా దాని హుకూమత్‌లో వచ్చినవే. ప్రభువుల సభ బడ్జెట్‌కు అడ్డుపడితే, 1911లో చట్టం తెచ్చి ఆ సభ తాకత్‌నే తగ్గించింది. అలాంటి పార్టీకి 1951లో దక్కినవి 6 సీట్లు. ఇంత జవాల్ ఎందుకొచ్చింది?

మొదటి సబబ్ ఇంటి పోరు. 1916 డిసెంబరులో, జంగ్ మధ్యలో, ఆస్క్విత్ గద్దె దిగాడు, లాయిడ్ జార్జ్ ఎక్కాడు. ఇద్దరూ లిబరల్సే. కానీ ఎక్కినవాడు కన్జర్వేటివ్‌ల భుజాల మీద కూర్చున్నాడు. 1918 ఎన్నికలనాటికి పార్టీ రెండు ముక్కలైంది. ఆస్క్విత్ సొంత సీటే పోగొట్టుకున్నాడు. 1922లో కన్జర్వేటివ్‌లు భుజం తీసేశారు. లాయిడ్ జార్జ్ మళ్లీ ఏ హుకూమత్‌లోనూ లేడు.

రెండో సబబ్ కొత్త ఓటర్లు. 1918లో మగవాళ్లందరికీ, 30 ఏళ్లు నిండిన చాలామంది ఔరత్‌లకూ ఓటు హక్కు వచ్చింది. 80 లక్షలలోపున్న ఓటర్లు 2 కోట్లు దాటారు. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే గరీబులకు లేబర్ పార్టీ తమ సొంత ఆవాజ్‌లా వినిపించింది. ఆ లేబర్‌కు దారి ఇచ్చింది లిబరల్సే. 1903లో గుట్టుగా ఒప్పందం చేసుకుని కొన్ని సీట్లు వదిలేశారు.

మూడోది నా దృష్టిలో అసలు సంగతి. 1917లో స్పీకర్ అధ్యక్షతన కూర్చున్న సమావేశం ఓట్ల పద్ధతి మార్చమని సిఫారసు చేసింది. పెద్ద పట్టణాల్లో ఓట్లకు తగ్గ సీట్లు రావాలి, మిగతాచోట్ల ఓటరు తన పసంద్‌ను వరుసగా అంకెలేసి చెప్పాలి అంది. అప్పుడు వజీరే ఆజమ్ లిబరల్ నాయకుడే, కానీ ఆయన దాన్ని పట్టించుకోలేదు. విశ్వవిద్యాలయాల సీట్లు కొన్ని తప్ప ఏదీ మారలేదు. 1929లో అదే పార్టీకి 23 శాతం ఓట్లు పడ్డాయి. 615 సీట్లలో దక్కినవి 59.

1957లో కార్మార్తెన్ ఉప ఎన్నికలో లేబర్ తరఫున లిబరల్ సీటు గుంజుకున్నది ఎవరనుకున్నారు? లాయిడ్ జార్జ్ బేటీ మేగన్! పార్టీకి ఇక మిగిలింది ఐదుగురు. జనాజా లేవడమే తరువాయి అనుకున్నారు అందరూ. మరుసటి ఏడాది టారింగ్టన్‌లో ఆస్క్విత్ మనవడు మార్క్ బోనమ్ కార్టర్ 219 ఓట్ల తేడాతో నెగ్గాడు. 1962లో లండన్ శివారు ఆర్పింగ్టన్ కన్జర్వేటివ్‌ల చేజారింది. నాయకుడు జో గ్రిమండ్ ఉమ్మీద్ నింపాడు. తర్వాతి తరం కార్యకర్తలు మొహల్లా సియాసత్ పట్టారు. రోడ్డు గుంతలు, వీధి దీపాలు, ఇంటింటికీ కరపత్రాలు.

1974 ఫిబ్రవరిలో 60 లక్షల ఓట్లొస్తే సీట్లు 14. 1983లో సోషల్ డెమోక్రాట్లతో దోస్తీ కడితే 25 శాతం ఓట్లకు 23 సీట్లు. 28 శాతం తెచ్చుకున్న లేబర్‌కు 209! 1988లో ఆ రెండు పార్టీలూ ఒకటయ్యాయి. గెలిచే చోట్లే మెహనత్ పెట్టడం నేర్చాయి. 1997లో ఓట్ల శాతం మునుపటికన్నా తగ్గింది, సీట్లు మాత్రం 20 నుంచి 46కు పెరిగాయి. 1929 తర్వాత అన్ని రావడం అదే మొదలు.

మన లోక్‌సభకూ, అసెంబ్లీలకూ ఇదే పద్ధతి. ఎక్కువ ఓట్లొచ్చిన ఒక్కడిదే జీత్, మిగతా ఓట్లకు లెక్కలేదు. ఈ కాయిదాను మార్చే తాకత్ తఖ్త్ మీదున్నవాళ్లకే ఉంటుంది, మార్చాల్సిన జరూరత్ దిగిపోయాకే తెలుస్తుంది. లిబరల్స్ చేతిలో కలం ఉన్నప్పుడు, రేపు తామే కమ్జోర్ అవుతామన్న ఖయాల్ వాళ్లకు రాలేదు.