గీతల జోస్యానికి లెక్క అడిగినవాళ్ళు

అమెరికాలో నలుగురు తెలుగు మగవాళ్ళు ఒకచోట చేరితే మాటలు ముందు వీసాల మీదికి, తర్వాత ఇళ్ళ ధరల మీదికి, ఆఖరికి స్టాకుల మీదికి మళ్ళుతాయి. ఈ మూడో అంకంలో ఎవరో ఒకరు ఫోన్ తీసి ఎరుపూ ఆకుపచ్చా గీతలు చూపించి తీరతారు. "ఇదిగో ఎడమ భుజం, ఇది తల, ఇది కుడి భుజం. ఇంక పడటమే!" అంటారు. విన్నవాళ్ళలో సగం మంది ఆ స్టాకు పేరు రాసుకుంటారు. మిగతా సగం "చిలక జోస్యం" అని నవ్వుకుని పులిహోర వైపు నడుస్తారు. నేను పొట్టకూటికి కంప్యూటర్ ప్రోగ్రాములు చూసుకునేవాణ్ణి. నాకు ఈ రెండు జట్ల కంటే మూడో ప్రశ్న మీదే ఆసక్తి. ఈ గీతల విద్య ఎక్కడ పుట్టింది? దీన్ని ఎవరైనా ఎప్పుడైనా కూర్చుని లెక్కచూశారా?

చూశారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ కథ మన వాళ్ళలో ఎక్కువమందికి తెలియదు.

చార్టులు నేర్పేవాళ్ళంతా మొదట జపాన్ పేరు చెబుతారు. ఒసాకాలోని దోజిమా బియ్యం బజారుకి 1730లో షోగన్ ప్రభుత్వం గుర్తింపు ఇచ్చింది. అక్కడ బియ్యం బస్తాలతో పాటు, బియ్యం ఇస్తామన్న ఒప్పందాలు కూడా చేతులు మారేవి. సకటా ఊరి వర్తకుడు హొమ్మా మునెహిసా ఈ వ్యాపారంలో ఘనుడు. కొవ్వొత్తుల్లా కనిపించే 'క్యాండిల్ స్టిక్' చార్టుల్ని ఆయనే కనిపెట్టాడని ప్రచారం. కానీ ఈ పద్ధతిని 1991లో తన పుస్తకంతో పాశ్చాత్యులకి పరిచయం చేసిన స్టీవ్ నీసన్ అంతటివాడే, ఆ చార్టులు ఆ తర్వాత ఎప్పుడో, మెయిజీ కాలంలో వచ్చి ఉంటాయని అంటాడు. ఘనతంతా మూలపురుషుడి ఖాతాలో వెయ్యడం మనకి కొత్తేమీ కాదుగా!

అమెరికాలో ఈ వంశానికి మూలపురుషుడు చార్లెస్ డౌ. 1851లో కనెటికట్‌లో పుట్టిన పాత్రికేయుడు. 1882లో ఎడ్వర్డ్ జోన్స్, చార్లెస్ బెర్గ్‌స్ట్రెసర్‌లతో కలిసి కంపెనీ పెట్టాడు. (మూడో ఆయన పేరు పలకడం కష్టమనుకున్నారో ఏమో, బోర్డు మీద రెండు పేర్లే మిగిలాయి.) 1889లో వాల్ స్ట్రీట్ జర్నల్ మొదలయింది. 1896 మే 26న పన్నెండు కంపెనీల షేర్ల సగటు ధర కట్టి 40.94 అని ప్రకటించారు. ఈనాటికీ మనం టీవీలో చూసే 'డౌ' అదే.

డౌ చెప్పింది చాలా సాదా మాట. సముద్రం పోటు మీద ఉందో ఆటు మీద ఉందో తెలియాలంటే ఒక్కో అలనీ చూసి లాభం లేదు. ఇసకలో కర్ర పాతి, నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టుకోవాలి. బజారూ అంతే. ఫ్యాక్టరీల షేర్లు పెరుగుతుంటే, ఆ సరుకు మోసే రైల్వేల షేర్లు కూడా పెరగాలి. రెండూ ఒకే దారిలో ఉంటేనే ఆ పోటుని నమ్మాలి. ఆయన దీన్ని సిద్ధాంతమనీ అనలేదు, పుస్తకమూ రాయలేదు. సంపాదకీయాల్లో అక్కడక్కడా చెప్పి 1902లో కన్నుమూశాడు. 'డౌ సిద్ధాంతం' అన్న పేరు మరుసటి ఏడాది ఎస్. ఎ. నెల్సన్ అనే రచయిత తన పుస్తకంలో పెట్టింది.

ఆ సిద్ధాంతాన్ని పట్టుకుని పాతికేళ్ళపాటు జోస్యం చెప్పినవాడు విలియం పీటర్ హామిల్టన్. 1908 నుంచి వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకుడు. 1929 అక్టోబర్ 25న, అంటే 'బ్లాక్ థర్స్‌డే' మర్నాడు, ఆయన సంపాదకీయం పోటు తిరిగిందని చెప్పింది. ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు. సెప్టెంబర్ 3న 381 దగ్గరున్న డౌ సగటు 1932 జులైకల్లా 41కి దిగజారింది. ఇంకేం, హామిల్టన్ ద్రష్ట అయిపోయాడు!

సరిగ్గా ఇక్కడ ఆల్ఫ్రెడ్ కౌల్స్ ప్రవేశిస్తాడు. కలిగినవారి బిడ్డ. క్షయ వ్యాధి వల్ల కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉంటున్నాడు. మార్కెట్ జోస్యాల పత్రికలన్నీ తెప్పించుకునేవాడు. ఇంతమంది ఇన్ని చెబుతున్నారు గదా, ఎవరి మాట ఎంత నిజమైందని ఆయనకి సందేహం వచ్చింది. హామిల్టన్ 1903 చివరి నుంచి 1929 దాకా రాసిన సంపాదకీయాలన్నీ ముందేసుకున్నాడు. "కొనండి", "అమ్మండి", "ఆగండి" అంటూ ఆయన మాట మార్చిన సందర్భాలు 90 తేలాయి. వాటిలో ఫలించినవి 45, తప్పినవి 45. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది! హామిల్టన్ మాట వింటే ఏడాదికి 12 శాతం లాభం, అన్ని షేర్లూ కొని గమ్మున కూర్చుంటే 15.5 శాతం. 1933లో ఎకనమెట్రికా పత్రికలో కౌల్స్ ఈ లెక్క అచ్చువేశాడు.

దాంతో ఈ విద్య అంతరించిందా అంటే, లేదు. 1938లో ఇలియట్ అనే విశ్రాంత అకౌంటెంటు, ధరలు అయిదు అలలుగా ఎక్కి మూడు అలలుగా దిగుతాయన్నాడు. 1946లో దాన్ని ఫిబొనాచ్చీ సంఖ్యలతో ముడిపెట్టాడు. ఇక్కడ మనకి చిన్న చుట్టరికం ఉంది. ఫిబొనాచ్చీ 1202లో తన పుస్తకం రాయడానికి సుమారు యాభై ఏళ్ళ ముందే హేమచంద్రుడు ఛందస్సు లెక్కల్లో ఈ సంఖ్యలు చెప్పాడు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. మూడు మాత్రల గణాలు మూడు. నాలుగు మాత్రల గణాలు అయిదు: గగ, భ, జ, స, నల. అయిదు మాత్రలకి ఎనిమిది. తెలుగు మాస్టారు పలక మీద వేసి చూపించగల లెక్క ఇది. అయితే పద్యం గణాలకి కట్టుబడినట్టు బజారు కట్టుబడుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేదు.

1948లో ఎడ్వర్డ్స్, మాగీ రాసిన పుస్తకం తలలకీ భుజాలకీ ప్రామాణిక గ్రంథమైంది. 1973లో చార్టులవాళ్ళు న్యూయార్క్‌లో సంఘం పెట్టుకున్నారు. తర్వాత పరీక్షలు, పట్టాలు కూడా వచ్చాయి. విశ్వవిద్యాలయాల్లో వెక్కిరింతా తగ్గలేదు. 1959లో హ్యారీ రాబర్ట్స్ అనే ప్రొఫెసర్ ఊరికే యాదృచ్ఛిక సంఖ్యలతో గీసిన చార్టు అచ్చం స్టాక్ చార్టులాగే ఉందని చూపించాడు. నేనూ సరదాకి అయిదొందల బొమ్మాబొరుసుల ప్రోగ్రాం రాసి, వచ్చిన గీతని ముగ్గురు మిత్రుల ముందు పెట్టాను. ఇద్దరు అందులో 'సపోర్టు' గీత చూపించారు. మూడో ఆయన "ఇక్కడ కొనాలి, ఇంతకీ ఏ కంపెనీ?" అని అడిగాడు.

గీతలు చూడటంలో ఇంకో చిక్కుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక విని గోదావరి మనసు మార్చుకోదు. బజారు మార్చుకుంటుంది. 1981 జనవరిలో జోసెఫ్ గ్రాన్‌విల్ అనే జోస్యుడు తన చందాదారులకి "అంతా అమ్మేయండి" అని కబురు పెడితే, మర్నాడు డౌ దాదాపు 24 పాయింట్లు పడింది. ఆయన ముందే చూశాడా, ఆయన మాటే పడేసిందా? 1982 ఆగస్టులో పెద్ద పోటు మొదలైనప్పుడు మాత్రం ఆయన ఇంకా పడుతుందనే అంటున్నాడు.

ఇక రెండో లెక్క. 1998లో బ్రౌన్, గొట్జ్‌మన్, కుమార్ అనే ముగ్గురు హామిల్టన్ సంపాదకీయాల్ని మళ్ళీ తిరగేశారు. హామిల్టన్ చాలాకాలం డబ్బుని బజారు బయట ఉంచమన్నాడు. అంటే తక్కువ ప్రమాదంతో వచ్చిన లాభం అది. ఆ రిస్కుని కూడా లెక్కలో వేస్తే ఆయన పనితనం బాగానే ఉందని తేల్చారు. 2000లో ఆండ్రూ లో బృందం తలల్నీ భుజాల్నీ మనిషి కంటికి వదలకుండా ప్రోగ్రాంతో పట్టించి, 1962 నుంచి 1996 దాకా అమెరికన్ స్టాకుల మీద పరీక్షించింది. కొన్ని ఆకారాల్లో ఎంతో కొంత సమాచారం ఉందనీ, దానితో లాభం వస్తుందని మాత్రం అనుకోవద్దనీ చెప్పింది.

హామిల్టన్ ద్రష్టా కాదు, దొంగా కాదు. ఆయనలో నాకు నచ్చింది ఒకటే. చెప్పినదంతా తేదీతో సహా అచ్చులో పెట్టాడు. అందుకే చనిపోయిన నాలుగేళ్ళకి ఒకరు తప్పు పట్టగలిగారు, దాదాపు డెబ్భై ఏళ్ళకి మరొకరు ఆ తీర్పుని సవరించగలిగారు.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోకండి. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. హైదరాబాద్ హాస్టల్లో ఉంటున్న మా మేనల్లుడు చార్టుల కోర్సుకి ఫీజు కట్టడానికి డబ్బు అడిగాడు. "కడతాను గానీ, ముందు మీ సారు ఇదివరకు చెప్పిన జోస్యాలు వరసగా ఓ తొంభై, తేదీలతో పట్రా. కుదిరినవీ కుదరనివీ అన్నీ ఉండాలి" అన్నాను.

"అవి ఎందుకు మావయ్యా, సారు పోయిన నెల లాభం స్క్రీన్‌షాట్ పంపారు, చూడు" అన్నాడు.

స్క్రీన్‌షాట్ చూశాను. బాగానే ఉంది. ఆ తొంభై కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను.