మార్చి రెండున తెరిచే బడి

దక్షిణ కొరియాలో ప్రాథమిక పాఠశాలలు మార్చి 2న తెరుస్తారు. ఆ రోజు శనివారమో ఆదివారమో అయితే మాత్రం తరవాతి పనిదినానికి జరుగుతుంది. మార్చి 1 జాతీయ సెలవు. 1919లో ఆ రోజునే కొరియన్లు జపాన్ పాలన మీద తిరగబడి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఆ పండుగ మర్నాడే ఒకటో తరగతి పిల్లలు బడి గడప తొక్కుతారు. రెండో సెమిస్టర్ వేసవి సెలవులు ముగిశాక, చాలా బడుల్లో ఆగస్టు నెలాఖరులో, మొదలవుతుంది. మన దగ్గర జూన్ ఎండల్లో తెరుచుకునే బడి అక్కడ ఇంకా చలి వదలని రోజుల్లో తెరుచుకుంటుంది.

హడావుడి డిసెంబరులోనే మొదలు. బడి ఈడు వచ్చిన పిల్లలున్న ప్రతి ఇంటికీ చేర్పించమని నోటీసు వస్తుంది. జనవరిలో తల్లిదండ్రులు పిల్లల్ని ఒకసారి బడికి తీసుకెళ్లి చూపిస్తారు. కొత్త సంచితో పాటు తరగతి గదిలో వేసుకునే చెప్పుల జత, దాన్ని పెట్టుకునే చిన్న గుడ్డసంచి కూడా కొనాలి, ఎందుకంటే బయట తిరిగే బూట్లు లోపలికి రావు. పై తరగతుల వాళ్లకూ మొదటిరోజు బెంగగానే ఉంటుంది. ఏటా సెక్షన్లన్నీ కలిపి మళ్లీ పంచుతారు గనుక పాత స్నేహితుడు పక్క గదిలోకి వెళ్లిపోవచ్చు, టీచరూ మారిపోతారు.

ఇదంతా ఇంత సాఫీగా జరిగే స్థితికి రావడానికి ఆ దేశం పడిన పాట్లు చిన్నవి కావు. జపాన్ ప్రభుత్వం 1938లో బడుల్లో కొరియన్ భాషను ఐచ్ఛికం చేసింది, 1941 నుంచి పూర్తిగా తొలగించింది. 1945 ఆగస్టులో విముక్తి వచ్చేసరికి జపనీస్ చదవగలిగి, సొంత లిపి చదవలేని పిల్లలు తరగతుల నిండా ఉన్నారు. ఆ నవంబరులోనే కొరియన్ భాషా సంఘం పండితులు ఆ లిపి హంగుల్‌ను నేర్పే తొలి వాచకం తెచ్చారు. వాళ్లలో కొందరు ఆ భాష కోసమే జైలుకు వెళ్లి వచ్చినవాళ్లు.

చదువుల క్యాలెండర్ కూడా పాలకులతో పాటు మారింది. జపాన్ కాలంలో ఏప్రిల్‌లో మొదలయ్యే సంవత్సరాన్ని విముక్తి తరవాత వచ్చిన అమెరికా సైనిక ప్రభుత్వం సెప్టెంబరుకు మార్చి, ఏడాదికి రెండు సెమిస్టర్ల పద్ధతి పెట్టింది. 1949 విద్యా చట్టం మళ్లీ ఏప్రిల్‌కు తెచ్చింది. 1962 నుంచి మార్చి స్థిరపడింది.

నిర్బంధ ప్రాథమిక విద్య 1950 జూన్ 1న అమల్లోకి వచ్చింది. ఆ నెల 25న కొరియా యుద్ధం మొదలైంది. శరణార్థులతో కిక్కిరిసిన బూసాన్‌లో గుడారాల్లోనూ, కొండవాలుల మీదా పాఠాలు చెప్పారు. చెట్టుకు నల్లబల్ల ఆనించి, పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి సెమిస్టర్ మొదలుపెట్టిన ఆ ఉపాధ్యాయుల పట్టుదల నుంచే ఆధునిక కొరియా చదువు పుట్టిందంటే అతిశయోక్తి కాదు. 1954లో యునెస్కో, ఐక్యరాజ్యసమితి సాయంతో సియోల్‌లో పాఠ్యపుస్తకాల ముద్రణాలయం వచ్చింది. 1959 నాటికి బడి ఈడు పిల్లల్లో 96 శాతం బడిలో చేరారు.

చేరారు సరే, కూర్చోవడానికి చోటేది? సియోల్‌లో 1960లలో ఒక్కో గదిలో ఎనభై, తొంభై మంది ఉండేవారు. గిన్నెలో ఒత్తుగా పెరిగే మొలకలతో కొరియన్లు ఆ గదుల్ని పోల్చేవారు. పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఇంకో జట్టు. ఆ తరం వాళ్లకు మొదటిరోజు అనగానే రొమ్ము మీద పిన్నీసుతో గుచ్చిన చేతిరుమాలు గుర్తొస్తుంది. మార్చి చలికి కారే ముక్కు తుడుచుకోవడానికి తల్లులు పెట్టేవారు, పక్కనే పేరు రాసిన చీటీ.

ఆరో తరగతి వాళ్ల బాధ వేరు. పేరున్న మిడిల్ స్కూల్లో సీటుకు ప్రవేశ పరీక్ష రాయాల్సి వచ్చేది, పన్నెండేళ్ల పిల్లలు అర్ధరాత్రి దాకా చదివేవారు. 1964 డిసెంబరు పరీక్షలో, మొలకెత్తిన ధాన్యం పొడితో చేసే యెట్ అనే జిగట మిఠాయికి ఆ పొడి బదులు ఏది వాడవచ్చని అడిగారు. అధికారుల లెక్కలో జవాబు డయాస్టేజ్ అనే ఎంజైమ్. ముల్లంగి రసం రాసిన పిల్లలు ఒక్క మార్కుతో సీటు పోగొట్టుకున్నారు. తల్లులు ఊరుకోలేదు. ముల్లంగి రసంతోనే యెట్ వండి, కుండతో సహా విద్యాశాఖ కార్యాలయానికి పట్టుకెళ్లారు. గొడవ కోర్టుకెక్కింది. 1965లో తీర్పు పిల్లల వైపు వచ్చి, 38 మందికి సీట్లు దక్కాయి. ఆ తల్లులు గెలిచింది తమ పిల్లల సీట్లే అయినా, పసివాళ్ల మీద ఆ పరీక్ష ఎంత బరువో దేశమంతటికీ తెలిసొచ్చింది. 1968లో ప్రభుత్వం దాని రద్దును ప్రకటించింది. 1969లో సియోల్‌తో మొదలై 1971 నాటికి అది దేశమంతటా పోయింది.

బడి పేరు మాత్రం చాలాకాలం మారలేదు. 1941లో జపాన్ పాలకులు పెట్టిన కుంగ్మిన్ హక్క్యో అనే పేరును 1996 మార్చి 1న గాని తీసేయలేదు. అప్పటి నుంచి చోదుంగ్ హక్క్యో, అంటే ప్రాథమిక పాఠశాల.

గదులు కిక్కిరిసిన ఆనాటి సమస్య ఇప్పుడు తిరగబడింది. 2023లో సంతాన సాఫల్య రేటు 0.72కు పడిపోయింది. 2024లో ఒకటో తరగతిలో చేరినవాళ్ల సంఖ్య మొదటిసారి నాలుగు లక్షలలోపుకు దిగింది, కొత్త పిల్లలు ఒక్కరూ రాని బడులు నూటయాభైకి పైనే. దక్షిణ జొల్లాలోని గంగ్జిన్ జిల్లాలో 2019లో ఒక పల్లె బడికి ఒకటో తరగతి పిల్లలు దొరక్క, ఊళ్లో చదువురాని పెద్దవాళ్లను పిలిచారు. 56 నుంచి 80 ఏళ్ల వయసున్న ఎనిమిది మంది స్త్రీలు ముందుకొచ్చి మరీ చేరారు. ఇంట్లో మగపిల్లల్ని బడికి పంపి ఆడపిల్లల్ని పనికి ఉంచిన రోజుల్లో పుట్టినవాళ్లు వాళ్లు. ఆనాటి 96 శాతం లెక్కలో చోటు దక్కని వాళ్ల చరిత్ర కూడా ఆ తరగతి గదిలోనే తెలుస్తుంది.

పిల్లల్ని కనాలంటే సాయంత్రాలు వాళ్లను ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబుగా ప్రభుత్వం 2024లో నుల్బోమ్ పథకం తెచ్చింది. కొన్ని వేల బడుల్లో మొదలుపెట్టి, ఆ ఏడాది రెండో సెమిస్టర్ నుంచి అన్ని ప్రాథమిక పాఠశాలల్లో అమలు చేశారు. ఒకటో తరగతి పిల్లలకు పాఠాల తరవాత రోజూ రెండు గంటల కార్యక్రమాలు ఉచితం, అవసరమైనవాళ్లకు రాత్రి ఎనిమిది దాకా సంరక్షణ ఉంటుంది. 2025 మార్చి నుంచి రెండో తరగతికీ విస్తరించారు.