వెనక బెంచీ కంటే ముందు అరుగు

కడప సీమలోని ఒంటిమిట్టలోనైనా మరో ఊళ్లోనైనా బి.ఎడ్. ఛాత్రోపాధ్యాయుడు వెనక బెంచీలో కూర్చుని, ఎవరు చెయ్యెత్తారు, ఎవరు పక్కవాడి నోటుపుస్తకంలోకి తొంగిచూశారు అని రికార్డులో రాసుకుంటూ ఉంటే, ఇది దొరలు తెచ్చిన పద్ధతి, 1856లో మద్రాసులో పంతుళ్ల శిక్షణకు పెట్టిన నార్మల్ స్కూలుతో వచ్చింది అనుకుంటాం. బి.ఎడ్.కు 2014లో వచ్చిన నిబంధనలు ఛాత్రోపాధ్యాయుడు బడిలో గడపవలసిన కాలాన్ని 20 వారాలకు పెంచాయి కూడా. కానీ పిల్లల్ని గమనిస్తూ పాఠం చెప్పడం నేర్చుకునే పద్ధతి దత్తమండలాల్లో వీధి అరుగుల మీద నడిచిన బడుల్లో ఆ నార్మల్ స్కూలు కంటే ముందే ఉంది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో బడుల లెక్కలు అడిగితే, మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 533 బడులు, 6,641 మంది పిల్లలు అని చెప్పి ఊరుకోలేదు. అరుగు మీద రోజూ జరిగేదంతా రాశాడు. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్నా, మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే చిన్నవాళ్లు పెద్ద పిల్లల అజమాయిషీలో ఉండేవారు. అయ్యవారు పై తరగతులు చెబుతూనే బడంతటి మీదా కన్ను వేసి ఉంచేవాడు. అప్పటి బళ్ళారి జిల్లాకు పొరుగున ఉన్న కడప సీమ కూడా 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన ఈ దత్తమండలాల్లోదే కాబట్టి, ఒంటిమిట్ట అరుగులను ఈ వర్ణనతో ఊహించుకోవడం అతిశయోక్తి కాదు.

చిన్నవాళ్లను పెద్ద పిల్లలకు అప్పగించడం శిక్షణ కాదు, ఖర్చు తగ్గించుకునే ఉపాయం మాత్రమే అనవచ్చు. క్యాంబెల్ మెచ్చుకున్నవాటిలో పొదుపూ ఉంది. మద్రాసులో ఇసుక రాతను చూసిన ఆండ్రూ బెల్ 1797లో పుస్తకం అచ్చువేశాక ఇంగ్లండు ఎత్తుకుపోయిందీ ఈ పద్ధతినే. అయితే ఈ బడుల్లో పిల్లవాడు పై తరగతికి వెళ్లేది వయసును బట్టి కాదు, శక్తిని బట్టి. ఎవడు ఎక్కడ తడబడుతున్నాడో దగ్గర కూర్చుని చూసేవాడు లేకుండా అది సాగదు. ఆ చూసేవాడు అప్పటికే సగం అయ్యవారు. ఇంగ్లండు కూడా 1846లో పదమూడేళ్లవాళ్లను అయిదేళ్లపాటు బడిలోనే ఉంచి పంతుళ్లుగా తయారుచెయ్యడానికి పూనుకుంది.

రెండో అభ్యంతరం బరువైనది. పిల్లలు అర్థం తెలియని పద్యాలు చిలకల్లా వల్లిస్తారని క్యాంబెలే వాపోయాడు. నిజమే. పెద్ద పిల్లవాడు పట్టగలిగింది తప్పిన అక్షరాన్నే, తెలియని అర్థాన్ని కాదు; తనకే తెలియనిది ఎదుటివాడిలో ఎలా కనిపెడతాడు? పైగా ఆ చూపు అరుగెక్కినవాళ్ల మీదనే. బళ్ళారి లెక్కలో ఆడపిల్లలు 60 మంది.