యోబు గ్రంథం 28వ అధ్యాయం (జ్ఞాన స్తోత్రం)

హెబ్రీ బైబిలులోని యోబు గ్రంథంలో, స్నేహితులతో యోబు వాదం ముగింపుకొచ్చే చోట కనిపించే 28 వచనాల కవిత ఇది. సిరిసంపదలకన్నా దైవజ్ఞానం మిన్న అని చెప్పే బైబిలు భాగాల్లో దీనికి సాటి తక్కువ.

కవిత గనిలో మొదలవుతుంది. మనుషులు జనసంచారం లేని చోట గోతులు తవ్వి, తాళ్లకు వేలాడుతూ, చీకటిని చీల్చుకుంటూ వెండి, బంగారం, ఇనుము, రాగి వెలికితీస్తారు. డేగ కంటికి ఆనని, సింహం అడుగు పెట్టని దారులవి. ప్రాచీన గనిపనిని ఇంత దగ్గరగా చూపిన భాగం బైబిలులో మరొకటి లేదు. అంతటి నేర్పున్న మనిషికీ జ్ఞానం ఉండే చోటు తెలియదు. అగాధాన్ని అడిగినా, సముద్రాన్ని అడిగినా తమ దగ్గర లేదంటాయి. ఓఫీరు బంగారం, నీలం, ముత్యాలు, కూషు పుష్యరాగం ఏవీ దాని వెలకు తూగవు. ఈ వరుసలో గాజు కూడా ఉంది. ఆ కాలంలో అది ధనికుల వస్తువు.

జ్ఞానం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న 12, 20 వచనాల్లో రెండుసార్లు వస్తుంది. గాలికి బరువు, నీళ్లకు కొలత నిర్ణయించిన దేవునికే దాని దారి తెలుసనీ, దైవభీతే మనిషికి జ్ఞానమనీ చివరి వచనాలు జవాబిస్తాయి. ఈ కవితలోని మాటలు యోబువా, కవివా అన్నదానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. సిరిసంపదలకన్నా జ్ఞానం మిన్న అన్న భావం సామెతల గ్రంథం 3, 8 అధ్యాయాల్లోనూ ఉంది.